పాత దెబ్బలున్న గుర్రానికి నడుం సరిచేయించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమహేంద్రవరం నుంచి నరసాపురం దాకా పెళ్ళి గుర్రాలవాళ్ళూ, ముచ్చటపడి ఒకటో రెండో గుర్రాలు పెంచుకునేవాళ్ళూ నడుం సరిచేసే కైరోప్రాక్టిక్ పద్ధతి గురించి ఏటా అడిగే అనుమానాలు ఇంచుమించు ఇవే. మాఘం, ఫాల్గుణం ముహూర్తాలు అయ్యేసరికి మరీ ఎక్కువవుతాయి. అందుకని అన్నీ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## ఎవరి చేతా ముట్టించక ముందు

కైరోప్రాక్టిక్ అంటే మన ఊళ్ళో బెణుకు తీసేవాళ్ళు చేసేదేనాండి?

కాదు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో మనుషుల కోసం మొదలైన పద్ధతి ఇది. జంతువులకు తర్వాత వచ్చింది. కదలాల్సినంత కదలని కీలును వేళ్ళతో వెతికి పట్టుకుని, ఆ కీలు హద్దు దాటకుండా చేత్తో చిన్నగా, చురుగ్గా ఒక్క తోపు తోస్తారు. ఇందులో బలంతో పనిలేదు. కాలికి మోకు కట్టి లాగడం, ఇద్దరు మనుషులు తుంటి మీద వేలాడటం, చెక్క పెట్టి సుత్తితో కొట్టడం కైరోప్రాక్టిక్ కాదు, గుర్రాన్ని చెడగొట్టడం.

గుర్రానికి మెడలో 7, వీపులో 18, నడుములో 6 పూసలుంటాయి. తుంటి దగ్గర 5 పూసలు ఒక్కటిగా అతుక్కుని ఉంటాయి. వాటి మీద మందపాటి కండ. "పూస తప్పింది, కూర్చోబెట్టాను" అని ఎవరన్నా నమ్మకండి. నిజంగా పూస తప్పిన గుర్రం మీ ముందు నిలబడి ఉండదు. టక్‌మని వినిపించేది కీలులోని ద్రవంలో గాలి బుడగ చప్పుడు, ఎముక చోటుకి రావడం కాదు. జరిగేదల్లా నొప్పికి బిగదీసుకున్న కండ కొంత వదలడం, కొన్నాళ్ళు వీపు తేలిగ్గా ఆడటం. అంతవరకు చూపించిన చిన్న చిన్న పరిశీలనలున్నాయి. పాత దెబ్బను నయం చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

దీన్ని చేసే హక్కు ఎవరికుంది? మన దగ్గర దొరుకుతారా?

భారత పశువైద్య మండలి చట్టం, 1984 ప్రకారం పశువుకు వైద్యం చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యుడే. జంతువుల కైరోప్రాక్టర్ అని మన దేశంలో విడిగా లైసెన్సు లేదు. కాబట్టి గోడకు ఏ సర్టిఫికెట్ తగిలించుకున్నా, పశువైద్యుడు చూసి సరేనన్న తర్వాతే గుర్రం మీద చెయ్యి వేయనివ్వాలి.

డెల్టాలో ఆసుపత్రులకు వచ్చేవి ఎక్కువగా గేదెలు, ఆవులు. గుర్రాల అనుభవం ఉందా అని మొహమాటపడకుండా అడగండి. ఊళ్ళో తేలకపోతే మనకు దగ్గర్లోని పశువైద్య కళాశాల గన్నవరంలో ఉంది. కదల్లేని గుర్రమైతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి. వచ్చిన మనిషి సంగతి తేల్చుకోవడానికి ఒక్క గుర్తు చాలు. గుర్రాన్ని నడిపించి చూడకుండానే వీపు మీద చెయ్యేస్తే పగ్గం పట్టుకుని ఇంటికొచ్చేయండి.

మూడేళ్ళ కింద కాలువ గట్టు మీంచి జారి తుంటి దెబ్బ తగిలిందండి. ఇప్పుడు వెనక కాళ్ళు ఈడుస్తోంది. నడుం పట్టేసినట్టేనా?

ముందు థర్మామీటరు తీయండి. ఆసనంలో పెట్టి చూస్తే గుర్రానికి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మామూలు. వానాకాలంలోనూ, తర్వాతి నెలల్లోనూ జోరీగలు ముసిరే మన పల్లాల్లో వెనక కాళ్ళు ఈడవడానికి పాత దెబ్బ కన్నా ముందు అనుమానించాల్సింది సర్రా. ట్రిపనోసోమా ఇవాన్సీ అనే పరాన్నజీవి రక్తంలో చేరడం వల్ల వస్తుంది. జ్వరం రెండు రోజులు వచ్చి తగ్గి మళ్ళీ వస్తుంది. మేత తింటున్నా చిక్కిపోతుంది, పొట్ట కిందా కాళ్ళకూ నీరు దిగుతుంది, కళ్ళ లోపలి పొరలు పాలిపోతాయి, నడుస్తుంటే వెనక భాగం తాగినవాడిలా తూలుతుంది.

దాన్ని నడుం నొప్పి అనుకుని నొక్కిస్తూ కూర్చుంటే నెల పోతుంది, ఒక్కోసారి గుర్రమే పోతుంది. జ్వరం ఉన్న పూటే రక్తం తీయించి స్లైడు వేయించండి. జ్వరం లేని రోజు తీస్తే పురుగు కనిపించకుండా తప్పించుకోవచ్చు. మందుంది, కానీ గుర్రం బరువును బట్టి డాక్టరే వేయాలి.

జ్వరం లేకపోతే తూలుడు పరీక్ష చేయండి. ఒకరు నడిపిస్తుండగా ఇంకొకరు పక్కన నడుస్తూ తోకను మెల్లగా తనవైపు లాగాలి. బలమున్న గుర్రం ఎదురు లాగుతుంది. లాగినవైపు తూలి వస్తే వెన్నుపాముకో నరాలకో సంబంధించిన జబ్బు ఉండొచ్చు. అటువంటి గుర్రం మెడ, వీపు ఎవరూ విరవకూడదు.

పొద్దున్న చూస్తే కర్రలా బిగుసుకుపోయి ఉంది. వెంటనే నొక్కించమంటారా?

వద్దు. గడ్డం కింద చిన్నగా తట్టండి. కంటి లోపలి మూలనుంచి పొర ఒకటి మెరుపులా కంటి మీదకొచ్చి పోతే అది ధనుర్వాతం. చీకటి పాకలో, చప్పుడు లేకుండా ఉంచి డాక్టర్ని పిలవండి. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా అంటుతుంది. మేకు గుచ్చుకున్న చిన్న పుండు చాలు, అందుకే టీకా ఏటా తప్పకూడదు. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉంటే కండ దెబ్బతిన్నట్టు. ఒక్క అడుగు కూడా నడిపించకండి. ముందు కాళ్ళు ముందుకు చాపి, బరువంతా వెనక్కేసి నిలబడితే గిట్టల వాపు. పెళ్ళింట్లో మిగిలిన అన్నం, బూరెలు ప్రేమగా పెట్టిన మర్నాడు వచ్చేది ఎక్కువగా ఇదే.

కుంటుతోందని తెలుస్తోంది గానీ ఏ కాలో పోల్చుకోలేకపోతున్నాం.

సిమెంటు కళ్ళం గానీ ఖాళీ తారు రోడ్డు గానీ చూసుకోండి. పగ్గం వదులుగా పట్టుకుని ముప్పై అడుగుల దూరం మెల్లగా పరిగెత్తించాలి. పగ్గం బిగిస్తే తల ఆడదు, కుంటు దాగిపోతుంది. ముందు కాలు నొప్పైతే ఆ కాలు నేల తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు పడ్డప్పుడు దిగుతుంది. వెనక కాలైతే వెనకనుంచి చూడండి. ఏ వైపు తుంటి ఎక్కువ ఎగిరి పడుతోందో అదే. తోక మొదట్లో రెండు పక్కలా రంగు కాగితం ముక్కలు అంటిస్తే తేడా కంటికి బాగా ఆనుతుంది. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టర్ వచ్చేసరికి గుర్రం భయానికి సరిగ్గా నడవడం మామూలే.

నడుం నొప్పి అని వచ్చే గుర్రాల్లో చాలావాటికి అసలు నొప్పి కాళ్ళలో, గిట్టల్లో ఉంటుంది. కాలు కాపాడుకోవడానికి వీపు బిగబట్టి నడుస్తుంది. వీపు సరిచేయించి కాలు వదిలేస్తే వారంలో మళ్ళీ మొదటికే.

తవుడు, వరిగడ్డి, ఉలవలు బాగానే పెడుతున్నాం. మేతకీ దీనికీ సంబంధం ఏంటండి?

డెల్టాలో ఇదే అసలు సంగతి. తవుడులో భాస్వరం విపరీతం, కాల్షియం దాదాపు శూన్యం. వరిగడ్డిలోనూ నేపియర్ గడ్డిలోనూ ఉండే ఆక్సలేట్లు ఉన్న కాస్త కాల్షియాన్ని పేగుల్లోనే కట్టేస్తాయి. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను చాలావరకు అరాయించుకుంటాయి. గుర్రానికి ఆ వీలు లేదు. రక్తంలో కాల్షియం తగ్గకుండా శరీరం తన ఎముకల్లోంచే తవ్వుకుంటుంది. ఇవాళ ఈ కాలు, రేపు ఆ కాలు కుంటడం మొదటి గుర్తు. ముదిరితే దవడ ఎముకలు ఉబ్బి ముఖం వెడల్పవుతుంది, పళ్ళు కదులుతాయి. అప్పటికి ఎముక గుల్లబారి ఉంటుంది. దాని మీద ఎవరన్నా బలంగా తోశారంటే పాత దెబ్బ సంగతి అటుంచి కొత్తగా ఎముక విరుగుతుంది.

మేతలో కాల్షియం భాస్వరంతో సమానంగానైనా ఉండాలి, ఒకటిన్నర రెట్లుంటే మంచిది. తవుడు తగ్గించండి. దాళ్వా, అంటే రెండో పంట వరి, లేని చేలల్లో చల్లే పిల్లిపెసర కోసి పెట్టండి, అందులో కాల్షియం బాగుంటుంది. మేతలో కలిపే సున్నపురాయి పొడి ఎన్ని గ్రాములో డాక్టర్ని అడగండి. తాంబూలం సున్నం మాత్రం వేయొద్దు, నోరు కాలుతుంది. ఎద్దులకు పెట్టే జనుము కూడా గుర్రం ముందుకి రానీయకండి. ఆ జాతి మొక్కల్లో కాలేయాన్ని పాడుచేసే విషం ఉంటుంది.

ఎక్స్‌రే తప్పదా?

కిందపడ్డ చరిత్ర ఉన్నా, ఒకే చోట నొక్కితే నడుం కుంగిపోతున్నా తీయించాలి. కాళ్ళకు చిన్న మిషను చాలు. వీపుకి పెద్ద మిషను కావాలి. జీను ఆనే చోట, 13 నుంచి 18వ పూస వరకు, పైకి పొడుచుకొచ్చిన ఎముకలు ఒకదానికొకటి రాసుకునే జబ్బు ఉందేమో అందులో తెలుస్తుంది. అది ఉంటే తోపులతో తగ్గదు.

## చేయించే రోజు

గుర్రాన్ని ఎలా సిద్ధం చేయాలి?

ముందురోజు పని వద్దు. స్నానం చేయించి తడి లేకుండా ఆరనివ్వండి, నూనె రాయకండి, చెయ్యి జారుతుంది. నొప్పి మందు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో డాక్టర్ని అడగండి. మందు మత్తులో ఉన్న గుర్రం నొప్పి చోటు చూపించదు. నేల చదునుగా, జారకుండా ఉండాలి. కొబ్బరి తోటలో ఎత్తుపల్లాల మీద నిలబెడితే నాలుగు కాళ్ళ మీదా బరువు సమానంగా పడదు. గుంజకు కట్టొద్దు, రోజూ మేత పెట్టే మనిషే పగ్గం పట్టుకోవాలి.

ఎంతసేపు పడుతుంది? సరిగ్గా చేస్తున్నారో లేదో మాకెలా తెలుస్తుంది?

మొత్తం ముప్పావు గంట నుంచి గంట. అందులో ఎక్కువభాగం చూడటానికీ తడమటానికీ పోతుంది. తోపులన్నీ కలిపి కొద్ది నిమిషాలే. ఎత్తు అందడానికి గట్టి స్టూలు వేసుకుంటారు. గుర్రం నోరు చప్పరించడం, ఆవులించడం, తల దించడం మంచి గుర్తులు. చెవులు వెనక్కి అంటించి, తోక కొడుతూ, వెనక కాలు లేపుతుంటే నొప్పి పుడుతున్నట్టు. అప్పుడు ఆపమని చెప్పండి. అప్పటికీ ఆపనివాడు పని తెలియనివాడే.

మత్తు ఇచ్చి చేస్తే గుర్రానికి సుఖం కదా?

కీలు హద్దు దాటకుండా కాపాడేది కండే. మత్తులో ఆ కాపలా ఉండదు. పరీక్ష కోసం డాక్టర్ కొద్దిగా ఇవ్వడం వేరు, మత్తిచ్చి విరవడం వేరు.

ఏయే గుర్రాలకు అసలు చేయించకూడదు?

జ్వరం, వేడిగా వాచిన కీలు, ఎముక విరిగిందన్న అనుమానం, తూలే నడక, నిండు చూలు ఉంటే వద్దు. ముక్కులోంచి జిగట చీమిడి, కాళ్ళ వెంట వరసగా గడ్డలు, పుళ్ళు ఉంటే గుర్రాన్ని విడిగా కట్టేసి చేతులు కడుక్కుని డాక్టర్‌కి కబురు పెట్టండి. గ్లాండర్స్ కావచ్చు. అది మనుషులకూ అంటుతుంది, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు.

మా తాతల నాటి నుంచి తుంటికి వాతలు పెట్టిస్తాం. అది పనిచేయదా?

వాత పెట్టాక గుర్రం నెల రోజులు పనిలోకి రాదు. తగ్గించింది ఆ విశ్రాంతే, పేరు వాతకి దక్కింది. మిగిలేది కాలిన మచ్చ, బిగుసుకున్న తోలు, ఈగలు ముసిరే పుండు. ఆ నెల విశ్రాంతి వాత లేకుండానే ఇవ్వండి.

## తర్వాతి వారాలు

మర్నాడే భీమవరంలో ఊరేగింపు ఒప్పుకున్నామండి. పంపించొచ్చా?

పంపించకండి. ఒకటి రెండు రోజులు జీను వేయకుండా, పగ్గంతో పది పదిహేను నిమిషాలు నడిపించడం వరకే. కొన్ని గుర్రాలు మర్నాడు కొంచెం మందకొడిగా, ఒళ్ళు నొప్పులొచ్చినట్టుంటాయి. రెండో రోజుకి తేరుకోవాలి. మూడో రోజుకీ కుంటు పెరుగుతుంటే డాక్టర్‌కి చూపించండి. అసలు ఈ పనంతా ఆషాఢంలోనో మూఢంలోనో పెట్టుకుంటే బయానా తీసుకున్న బెంగ ఉండదు.

ఇంట్లో మేం చేయగలిగిందేమన్నా ఉందా?

ఉంది. మా లెక్కలో తోపుల కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుంది. క్యారెట్ గానీ బెత్తెడు చెరుకు ముక్క గానీ చేతిలో పట్టుకోండి. గుర్రాన్ని గోడ పక్కన చదునుగా నిలబెట్టి, కాళ్ళు కదపకుండా మూతి ముక్క వెంట వచ్చేట్టు చేయాలి. మొదట గడ్డం రొమ్ముకి, తర్వాత రెండు మోకాళ్ళ మధ్యకి, ఆ తర్వాత ముందు కాళ్ళ చీలమండల మధ్యకి. పక్కలకు పొట్టపట్టీ దగ్గరికి, డొక్క దగ్గరికి, వెనక కాలి మడమ వైపుకి, రెండు వైపులా. ఒక్కోచోట 5 సెకన్లు నిలపాలి, ఒక్కోటీ 5 సార్లు, వారానికి 5 రోజులు. ఇలా మూడు నెలలు చేయించిన గుర్రాల్లో వెన్నుపూసలను అంటిపెట్టుకుని ఉండే లోపలి కండ పెరిగినట్టు స్కానింగులో తేలింది. పాత దెబ్బ తర్వాత ఎండిపోయేది సరిగ్గా ఆ కండే.

తప్పు జరిగేదెక్కడంటే, ముక్కను గబుక్కున లాగేస్తారు. గుర్రం ఎగబడి లాక్కుంటుంది, కండ సాగదు. మొదటి వారం అందినంత దూరమే. ఒక వైపు తిరిగి రెండో వైపు తిరగలేకపోతే బలవంతం చేయకుండా రాసిపెట్టుకోండి, అది డాక్టర్‌కి పనికొచ్చే సమాచారం.

రెండో వారం నుంచి సరుగుడు వాసాలు నాలుగు, రెండున్నర అడుగుల ఎడంతో నేల మీద పరిచి మెల్లగా దాటించండి. గుండ్రటి వాసం గిట్ట కింద దొర్లుతుంది, చివర్లకు ఇసుక బస్తాలు ఆన్చండి.

కాపడం పెట్టాలా, ఐసు పెట్టాలా?

కొత్త వాపుకి మొదటి రెండు రోజులు ఐసు, గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు. ఏళ్ళనాటి పట్టుకి వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు, అంతే సేపు. మీ ముంజేతికి ఓర్చుకోగలిగిన వేడే పెట్టండి.

కాలువలో ఈత కొట్టిస్తే మంచిదంటారు. అంతర్వేది ఇసుకలో పరిగెత్తిస్తే ఇంకా మంచిదట.

నీళ్ళు మంచివే. మోకాలి లోతులో పది నిమిషాల నడక వీపునీ తొడలనీ బాగా పనిచేయిస్తుంది. కానీ రేవు మెట్లు, పాచి పట్టిన గట్లు పాత తుంటి దెబ్బకి శత్రువులు. ఇసుక అడుగున్న, ఏటవాలు తక్కువున్న చోటు చూసుకోండి. ఎండాకాలం కాలువలు కట్టేశాక మిగిలే మురుగు మడుగుల్లో దించకండి.

సముద్రపు ఒడ్డున పొడి ఇసుకలో గిట్ట కూరుకుపోయి కాలి వెనక నరం, అంటే స్నాయువు, అతిగా సాగుతుంది. పాత స్నాయువు దెబ్బ మానడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. మానినా ముందున్నంత సాగుడు ఉండదు, ఏ కైరోప్రాక్టిక్కూ దాన్ని మార్చలేదు. అల తడిపి గట్టిపడ్డ ఇసుక మీద నడిపించండి, పరిగెత్తించకండి.

ఎన్నిసార్లు చేయించాలి?

రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో రెండు మూడుసార్లు. అప్పటికీ మొదట తీసిన వీడియోకీ ఇప్పటి నడకకీ తేడా లేకపోతే డబ్బు ఖర్చు ఆపి అసలు జబ్బు వెతికించండి. జీవితాంతం నెలనెలా చేయించాలన్నవారి మాట నమ్మొద్దు.

మెడికల్ షాపులో దొరికే నొప్పి మాత్రలు వేయొచ్చా?

వేయొద్దు. పొట్టలో పుళ్ళు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. డైక్లోఫెనాక్‌ని రాబందుల చావులకు కారణమని తేలాక 2006లోనే పశువులకు నిషేధించారు. నొప్పి తెలియని గుర్రం దెబ్బతిన్న కాలిమీదే ఊరేగింపు మొత్తం నిలబడుతుందన్నది ఇంకో ప్రమాదం.

## మళ్ళీ పనిలోకి

ఎంత బరువు మోయించొచ్చు?

గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదు, పాత నడుం దెబ్బుంటే ఇంకా తక్కువ. కాటా లేకపోతే టేపుతో లెక్క కట్టండి. ముందు కాళ్ళ వెనకగా ఛాతీ చుట్టుకొలత, భుజం మొననుంచి పిర్ర చివరిదాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను దాంతోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టు 155, పొడవు 148 ఉంటే సుమారు 299 కిలోలు. అయిదో వంతు 60. పెళ్ళికొడుకు 80, జరీ జీను, గొడుగు, ఒళ్ళో తోడుపెళ్ళికొడుకు ఇంకో పాతిక. లెక్క మీరే చూసుకోండి. బరువు మోసే జంతువులపై 1965 నిబంధనల్లో తట్టుకి, అంటే పొట్టి గుర్రానికి, పెట్టిన హద్దు కూడా 70 కిలోలే.

జీను సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

గుర్రం చెమట పట్టాక జీను తీసి చూడండి. తడి మధ్యలో పొడి మచ్చలుంటే అక్కడ నొక్కుతోంది. వెన్నెముక మీద మూడు వేళ్ళు పట్టేంత ఖాళీ ముందునుంచి వెనకదాకా ఉండాలి. కింద నాలుగు దుప్పట్లు మడతేసి ఎత్తు చేస్తే జీను అటూ ఇటూ ఒరిగి ఇంకా కోస్తుంది.

లాడాలు ఎన్నాళ్ళకి మార్చాలి?

ఆరు నుంచి ఎనిమిది వారాలకి, అరగకపోయినా. గిట్ట ముందు భాగం పొడుగై మడమ కిందికి దిగితే కాలి వెనక స్నాయువు మీద భారం పెరుగుతుంది, దానికి తగ్గట్టు వీపు వంకర పోతుంది. వానాకాలం గిట్ట నాని మేకులు వదులవుతాయి. అడుగున ముక్కోణంగా ఉండే మెత్తటి భాగం పక్కల నల్లగా, కంపుగా ఉంటే కుళ్ళు మొదలైనట్టు. నేల పొడిగా ఉంచడమే సగం మందు.

డీజే ముందు డ్యాన్సు చేయించమని పెళ్ళివాళ్ళు పట్టుబడతారు. కొంచెంసేపైతే పర్లేదా?

పాత తుంటి, నడుం, మడమ దెబ్బలున్న గుర్రానికి ఒక్క నిమిషం కూడా వద్దు. వెనక కాళ్ళ మీద లేచినప్పుడు మొత్తం బరువు ఆ కీళ్ళ మీదే పడుతుంది, తారు రోడ్డు మీద లాడం జారితే ఇక చెప్పక్కర్లేదు. బయానా తీసుకునేటప్పుడే "నడక మాత్రమే" అని కాగితం మీద రాయించుకోండి.

కొత్త గుర్రం కొనేటప్పుడు పాత దెబ్బ దాచారేమో ఎలా పట్టుకోవాలి?

రంగు గుర్రమైతే జీను ఆనే చోట తెల్ల వెంట్రుకల మచ్చలు చూడండి, అవి పాత పుళ్ళ గుర్తులు. తెల్ల గుర్రం మీద అవి కనపడవు. వీపు మీద చెంబుడు నీళ్ళు పోయండి. చాలా తెల్ల గుర్రాలకు వెంట్రుకల కింద చర్మం నల్లగా ఉంటుంది, మచ్చ పడ్డ చోట గులాబీరంగు బయటపడుతుంది. చర్మమే గులాబీరంగుగా ఉండే నుక్రా గుర్రమైతే కళ్ళు మూసుకుని వేళ్ళతో వెన్ను వెంట తడమండి, గట్టి పట్టీలా చేతికి తగిలేదే మచ్చ. తర్వాత వెనక నిలబడి రెండు తుంటి ఎముకల ఎత్తు పోల్చండి, నాలుగడుగులు వెనక్కి నడిపించండి, రెండు వైపులా చిన్న గుండ్రంలో తిప్పించండి. అమ్మేవాడు "ఇప్పుడే దూరం నుంచి నడిచొచ్చింది, అలిసిపోయింది" అంటే మర్నాడు పొద్దున్నే, ఇంకా కట్టు విప్పకముందే వెళ్ళి చూడండి. పాత పట్టు బాగా తెలిసేది రాత్రంతా నిలబడిన తర్వాతి మొదటి పది అడుగుల్లోనే.